మెట్లా, నమస్కారాలా, డంబెల్సా? కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఏ జత సరిపోతుంది

తిరుపతిలో ఎవరినైనా ఎక్సర్‌సైజ్ ఏం చేస్తారని అడగండి, జవాబులు ఇంచుమించు అయిదే వస్తాయి. పొద్దున్నే అలిపిరి వైపు నడక, కుదిరినప్పుడు కొండ మెట్లు. లేదా ఇంట్లో సూర్య నమస్కారాలు. లేదా ఫోన్‌లో వీడియో పెట్టుకుని బస్కీలు (స్క్వాట్లు), దండాలు (పుషప్‌లు). లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న డంబెల్స్ జత, అది చాలా ఇళ్లలో తలుపు కొట్టుకోకుండా అడ్డు పెట్టుకోవడానికే పనికొస్తుంటుంది. లేదా వీధి చివర జిమ్. దేన్నీ తీసిపారేయలేం. కానీ కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఆనించాల్సి వస్తోంది, భుజం పట్టేసింది, రెండంతస్తులు ఎక్కితే తొడలు వణుకుతున్నాయి అనుకునే మనిషి ఇందులో ఏది పట్టుకోవాలి, దేంతో ఏది కలపాలి అన్న దగ్గరే ఆగిపోతాడు. వాళ్ల కోసమే ఇది. బరువు తగ్గడం, సిక్స్ ప్యాక్ లాంటివి ఇక్కడ వెతక్కండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన ఊళ్లో కాళ్లకు పని దొరుకుతుంది, ఒళ్లు సాగదీయడం నేర్పేవాళ్లూ దొరుకుతారు, దొరకనిదల్లా వీపుకు పని. పైన చెప్పినవాటిలో మొదటి మూడింట్లో చేతులతో దేన్నైనా మనవైపు లాగే పని అస్సలు లేదు. రోజంతా ఫోన్ మీదకో, కంప్యూటర్ మీదకో, పొయ్యి మీదకో వంగి ఉండే వాళ్లకి కావాల్సింది సరిగ్గా అదే. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా దాని పక్కన ఏం చేర్చాలన్నదే అసలు ప్రశ్న.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి, దాంతోపాటు వారంలో కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం కావాలి. మొదటి సగం మనం నడకతో నింపేస్తాం. రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఒంటి పనంతా అయిదు కదలికల్లోకి వస్తుంది: కూర్చుని లేవడం, తుంటి దగ్గర వంగి లేవడం, నెట్టడం, లాగడం, మోయడం. ఇంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ని ఎత్తి స్టాండ్ మీద బోర్లించేటప్పుడు వీటిలో నాలుగు ఒకేసారి వస్తాయి, పైగా చివర్లో ఒక మెలిక కూడా తిరగాలి, అందుకే చాలామంది నడుం పట్టుకునేది అక్కడే. మీరు చూస్తున్న దారిలో ఈ అయిదింట్లో ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి. ఇది మొదటి కొలమానం.

రెండోది, మీకు ఎక్కడ బిగుసుకుందో తెలియడం. దీనికి ల్యాబ్ పరీక్షలేం అక్కర్లేదు. గోడకి ఎదురుగా ఒక పాదం పెట్టండి, బొటనవేలికీ గోడకీ మధ్య 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలు గోడకి తగులుతుందేమో చూడండి. తగలకపోతే చీలమండ బిగుసుకుందని అర్థం, అలాంటి వాళ్లు లోతుగా గొంతుక్కూర్చోబోతే మడమలు లేస్తాయి లేదా వెనక్కి పడతారు. తర్వాత గోడకి వీపు, తల ఆనించి నిలబడి, నడుం గోడ నుంచి దూరం జరక్కుండా రెండు చేతులూ పైకెత్తండి. బొటనవేళ్లు గోడకి తగలకపోతే భుజాలో, వీపు పైభాగమో పట్టేసిందన్నమాట. మూడో పరీక్ష బాసింపట్టు వేసుకుని కూర్చోవడం: మోకాళ్లు తుంటి కన్నా బాగా పైకి లేచి, నడుం గూనిలా వంగిపోతుంటే తుంటి దగ్గర పని ఉంది. అసలు కాణిపాకంలో వినాయకుడి ముందు జనం గుంజీలు తీసేటప్పుడు కాసేపు పక్కన నిలబడి చూస్తే చాలు, ఎవరికి చీలమండ తిరగట్లేదో, ఎవరికి తుంటి తిరగట్లేదో ఇట్టే తెలిసిపోతుంది.

మూడో కొలమానం, ఎత్తే బరువు పెంచుకునే వీలు. ఒకే పని ఒకే బరువుతో నెలల తరబడి చేస్తే మొదట్లో బలం వస్తుంది, తర్వాత అక్కడే ఆగిపోతుంది. నాలుగోది మీ ఇల్లు, మీ టైమ్, మీ ఎండ. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పొద్దున ఏడున్నరకే చెమట కారిపోయే ఊళ్లో సాయంత్రం అయిదింటికి టెర్రస్ మీద వ్యాయామం అని ప్లాన్ వేసుకుంటే అది ఏప్రిల్‌లోనే ఆగిపోతుంది.

## జత అంటే ఏంటి

కొత్తవాళ్లు సాధారణంగా ఒక రోజు స్ట్రెచింగ్, ఇంకో రోజు బలం అని విడగొట్టుకుంటారు. దానికన్నా ఒక కీలుని వదులు చేసే కదలిక, వెంటనే అదే కీలుని బరువుతో వాడే వ్యాయామం, ఇలా జతలుగా పెట్టుకోవడం మేలు. కొత్తగా వచ్చిన కదలికని కండరం వెంటనే వాడుకుంటుంది, టైమూ కలిసొస్తుంది. పూర్తి లోతులో చేసే బలం వ్యాయామం కూడా స్ట్రెచింగ్‌తో ఇంచుమించు సమానంగా ఒళ్లు సాగేలా చేస్తుందని పరిశోధనల్లో తేలింది కాబట్టి, ఇది రెండు పనులూ ఒకేసారి చేసుకోవడమే.

నేను ఎవరికైనా చెప్పే నాలుగు జతలు ఇవి:

- గోడ దగ్గర చీలమండని ముందుకీ వెనక్కీ ఊపడం, వెంటనే బస్కీలు (మోకాళ్లు ఒప్పుకోకపోతే కుర్చీ మీంచి లేచి కూర్చోవడం).
- ఒక మోకాలు నేలకి ఆనించి తుంటి ముందుభాగం సాగదీయడం, వెంటనే వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తే సేతు బంధాసనం.
- పక్కకి తిరిగి పడుకుని పై చేతిని పుస్తకం పేజీ తిప్పినట్టు వెనక్కి తిప్పడం (కింద వీపు తిప్పడం అన్నది దీన్నే), వెంటనే వ్యాయామానికి వాడే రబ్బరు బ్యాండ్‌ని మనవైపు లాగడం.
- గోడకి ఆని చేతులు పైకీ కిందకీ జార్చడం, వెంటనే దండాలు, అవి గోడ మీదైనా వంటగట్టు మీదైనా సరే.

ఇందులో మోయడం లేదు కదా అంటారేమో. చివర్లో రెండు చేతుల్లో రెండు నీళ్ల క్యాన్లు, అయిదేసి లీటర్లవి చాలు, పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడవండి. సాగదీసేటప్పుడు ఒక్కో భంగిమలో నిమిషాల తరబడి ఉండిపోవద్దు. బలం వ్యాయామానికి ముందు ఒకే కండరాన్ని నిమిషానికి మించి అలా పట్టి ఉంచితే ఆ తర్వాత దాని బలం కాస్త తగ్గుతుంది. ఎనిమిది పదిసార్లు కదిలిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఒక్కో దారినీ ఈ జతలకి ఆనించి చూద్దాం.

## కొండ మెట్లు

మిగతా ఊళ్లవాళ్లకి లేని సౌకర్యం ఇది, కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తా.

అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి శ్రీనివాస మంగాపురం వైపు నుంచి, రెండు కిలోమీటర్ల పైచిలుకు, సుమారు 2,400 మెట్లు. చూడ్డానికి రెండోది సులువనిపిస్తుంది కానీ వ్యాయామం కోణంలో అది వేరే సరుకు. అలిపిరిలో గాలిగోపురం దాకా గట్టిగా ఎక్కించి, తర్వాత చదునుగా నడిపించి, ఆఖర్న మోకాలి మెట్టు దగ్గర మళ్లీ పరీక్ష పెడతారు, మధ్యలో గుండెకి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. శ్రీవారి మెట్టులో ఆ వ్యవధి తక్కువ, ఎక్కుతూనే ఉండాలి. కొత్తవాళ్లు ఆయాసం తట్టుకోలేని స్థితిలో ఉంటే గాలిగోపురం దాకా ఉన్న మెట్లలో సగం ఎక్కి దిగడం మంచిది, పూర్తి చేయాలన్న పట్టుదల మొక్కు ఉన్నరోజుకి దాచుకోండి.

మెట్లు తొడల ముందుభాగానికి, పిరుదులకి, పిక్కలకి, గుండెకి బ్రహ్మాండంగా పని చెప్తాయి. కానీ మెట్టు ఎత్తు తక్కువ కాబట్టి మోకాలు, తుంటి కొంతవరకే వంగుతాయి. అందుకే ఏళ్ల తరబడి మెట్లెక్కే మనిషికి కూడా కింద కూర్చుని లేవడం కష్టం కావచ్చు, దాంట్లో ఆశ్చర్యపోవాల్సిందేం లేదు, ఆ లోతుకి ఎప్పుడూ వెళ్లలేదు మరి. చేతులకి, వీపుకి పని సున్నా.

దిగడం ఇంకో సంగతి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు నొప్పులు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి, అలా సాగుతూ చేసే పనికే మర్నాడు ఒళ్లునొప్పులు ఎక్కువ వస్తాయి, మోకాలిచిప్ప మీద ఒత్తిడి కూడా అప్పుడే ఎక్కువ. మోకాళ్ల గొడవ ఉన్నవాళ్లు పైకి ఎక్కి బస్సులో దిగితే తప్పేం లేదు, స్వామి ఏమీ అనుకోడు.

దారిలో ఒక్కసారి మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టేవాళ్లని గమనించండి. కొందరు కాళ్లు రెండూ నిటారుగా ఉంచి, నడుం నుంచి వంగి, ప్రతి మెట్టుకీ అలాగే చేస్తూ పోతారు, గాలిగోపురం చేరకముందే చెయ్యి నడుం మీదకి వెళ్తుంది. ఇంకొందరు ఒక పాదం పై మెట్టు మీద పెట్టి, వీపు చాపుగా ఉంచి, తుంటి వెనక్కి తోసి వంగుతారు, లేచేటప్పుడు పై కాలితో నేలని నొక్కి లేస్తారు. మొక్కు ఒకటే, మెట్లూ అవే, కానీ రెండోవాళ్లు పిరుదులతో వంగుతున్నారు, మొదటివాళ్లు నడుంతో వంగుతున్నారు. ఈ తేడా వ్యాయామంలో నేర్చుకోవాల్సినవాటిలో మొదటి మూడింట్లో ఉంటుంది. ఇంట్లో ప్రాక్టీస్ చేయాలంటే ఒక కర్ర తీసుకుని వీపు వెంట నిలువుగా పట్టుకోండి, తల వెనక, వీపు పైభాగం, తోక ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండాలి. అలా తగిలించి ఉంచుతూనే తుంటి వెనక్కి తోసి వంగండి. ఏదో ఒక చోట కర్ర ఊడితే అక్కడే ఆగి లేవాలి.

దీనికి కలపాల్సిన జత: బ్యాండ్ లాగడం, దండాలు, తుంటి లోతుగా తెరిచే మలాసనం లాంటిది. వారానికి ఒక రోజు మెట్లు, రెండు రోజులు ఇవి. వెళ్లే ముందు నడకదారి సమయాలు కనుక్కోండి, ముఖ్యంగా పిల్లల్ని తీసుకెళ్తుంటే. 2023లో చిరుత ఘటన తర్వాత పిల్లల విషయంలో ఆంక్షలు పెట్టారు.

## సూర్య నమస్కారాలు

పన్నెండు భంగిమలు, చాపంత జాగా, పైసా ఖర్చు లేదు. చేతులు పైకెత్తడం, ముందుకు వంగడం, ఒక కాలు వెనక్కి చాచడం, భుజంగాసనం, పర్వతాసనం, ఇలా తుంటి, వీపు, భుజం, చీలమండ అన్నీ ఒకే వరసలో కదులుతాయి. కదలిక కోసమైతే ఇంట్లో చేసుకునేవాటిలో దీనికి మించింది చెప్పడం కష్టం. అష్టాంగ నమస్కారంలోకి నెమ్మదిగా దిగితే ఛాతీకి, చేతులకి బలం కూడా వస్తుంది. చాలామంది అక్కడే దబ్బున పడిపోయి వేగంగా లేచిపోతారు, ఆ ఒక్క చోట మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగితే నమస్కారం విలువ రెట్టింపు అవుతుంది.

లోటు రెండు చోట్ల. లాగే పని లేదు. బరువు పెంచే దారి లేదు, సంఖ్య పెంచడమే. ఆ సంఖ్య పిచ్చి రథసప్తమి రోజు బయటపడుతుంది, ఏడాదంతా చాప పరవని వాళ్లు కూడా 108 మొదలుపెట్టి మర్నాడు తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తలేకపోతారు. రోజుకి ఆరుతో మొదలుపెట్టి నెమ్మదిగా పన్నెండుకి వెళ్లినవాళ్లే నిలబడతారు.

మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, తల కిందకి వంచితే కళ్లు తిరిగేవాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు ఇది ఉన్నదున్నట్టు చేయకూడదు. వాళ్లు చేతులు నేల మీద కాకుండా కుర్చీ మీద ఆనించి చేసే పద్ధతి నేర్చుకోవచ్చు.

కలపాల్సిన జత: ఆరు నమస్కారాల తర్వాత బ్యాండ్ లాగడం, సేతు బంధాసనం, బస్కీలు, రెండేసి సెట్లు (సెట్ అంటే ఆగకుండా వరసగా చేసే ఒక విడత). ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతుంది. యోగా అలవాటున్న ఇంట్లో వాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే, ఎందుకంటే ఉన్న అలవాటు పక్కన ఒకటి చేర్చడం కొత్త అలవాటు మొదలుపెట్టడం కన్నా తేలిక.

## ఒంటి బరువుతో బస్కీలు, దండాలు

మన తాతల కాలం నాటి తాలింఖానా వ్యాయామం ఇది, ఇప్పుడు ఫోన్లో వేరే పేర్లతో తిరిగొచ్చింది. కాళ్లు, ఛాతీ, పొట్ట బాగా పనిచేస్తాయి. కొత్తవాళ్ల ఇబ్బంది దండాల దగ్గర. నేల మీద ఒక్కటి కూడా సరిగ్గా రాని మనిషి మోకాళ్ల మీద పదిహేను కుదుపులు కుదిపి అయిపోయిందనుకుంటాడు. మెట్లుమెట్లుగా వెళ్లండి: ముందు గోడ, తర్వాత వంటగట్టు, తర్వాత మంచం అంచు, ఆఖర్న నేల. ఒక్కో చోట పన్నెండు శుభ్రంగా వచ్చాకే కిందకి దిగాలి. శుభ్రంగా అంటే తల నుంచి మడమ దాకా చాపుగా, నడుం కుంగకుండా.

బస్కీలకీ ఇదే లెక్క. ముందు కుర్చీ మీంచి లేవడం, తర్వాత ఎత్తు తక్కువ పీట, తర్వాత ఏమీ లేకుండా, తర్వాత పిల్లల స్కూల్ బ్యాగులో పుస్తకాలు నింపి ఛాతీకి హత్తుకుని. స్కూల్ బ్యాగ్ బరువు ఎలాగూ తక్కువేం ఉండదు.

ఇక్కడా లాగడానికి ఏమీ లేదు, అడ్డకడ్డీ పట్టుకుని వేలాడగలిగితే తప్ప. కొత్తవాళ్లలో కడ్డీ మీద ఒక్కసారి గడ్డం పైకి తేగలిగేవాళ్లు తక్కువ. దీనికీ బ్యాండే దిక్కు.

## ఇంట్లో బ్యాండ్, డంబెల్స్

ఒకే ఒక వస్తువు కొంటానంటే బ్యాండ్ కొనమంటా. కొన్ని వందల్లో వస్తుంది, గూట్లో పడేసుకోవచ్చు, ఊరెళ్తే సంచిలో పెట్టుకోవచ్చు. మనిళ్లలో కిటికీలకి ఇనప ఊచలు ఎలాగూ ఉంటాయి, ఒక ఊచ చుట్టూ పాత తువ్వాలు చుట్టి దాని మీంచి బ్యాండ్ వేసుకోండి. తువ్వాలు లేకపోతే తుప్పు అంచు రబ్బరుని కోసేస్తుంది, లాగుతుండగా తెగితే మొహం మీదకే వస్తుంది. ప్రతిసారీ వాడే ముందు ఒకసారి సాగదీసి వెలుతురులో పగుళ్లున్నాయేమో చూసుకోండి. కిటికీకి ఎదురుగా కుర్చీలో కూర్చుని, మోచేతులు పక్కటెముకల వైపు లాగుతూ, చివర్లో రెండు భుజం రెక్కలూ దగ్గరికి తెచ్చి ఒక క్షణం ఆపండి. భుజాలు చెవుల దగ్గరికి లేస్తుంటే బ్యాండ్ మరీ గట్టిదన్నమాట.

డంబెల్స్ అయితే బరువు మార్చుకునే రకం తీసుకోండి. అయిదు కేజీల జత మాత్రమే కొన్నవాళ్లకి భుజాల వ్యాయామానికి అది ఎక్కువ, కాళ్లకి తక్కువ అవుతుంది, రెండింటికీ చెడి మూల పడుతుంది. బరువు మార్చుకునే జత ఉంటే కూర్చుని లేవడం, వంగి లేవడం, పైకి నెట్టడం, లాగడం, మోయడం అన్నీ ఇంట్లోనే కుదురుతాయి, అయిదు కదలికలకీ అయిదూ వచ్చే దారి జిమ్ కాకుండా ఇదొక్కటే. నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కేజీలుంటుంది, దాన్ని పక్కకి జరపడానికి ఇంట్లో ఎవరినో పిలవాల్సి వస్తోందంటే మీ లక్ష్యం ఏంటో మీకు తెలిసిపోయినట్టే.

కదలిక దీంట్లో తనంతట రాదు. పైన చెప్పిన నాలుగు జతల్లో ఒక్కోదాని మొదటి సగాన్ని వదిలేస్తే డంబెల్స్‌తో బలం వస్తుంది గానీ చీలమండ అలాగే ఉండిపోతుంది.

## జిమ్

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లాగే మెషీన్లు కూర్చుని చేసేవి ఉంటాయి, కొత్తవాళ్లకి అవి సురక్షితం, బరువు కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. డబ్బు కట్టే ముందు మూడు చూడండి: రెండున్నర, అయిదు కేజీల చిన్న డంబెల్స్ ఉన్నాయా, మీరు వెళ్లే టైమ్‌లో నేర్పే మనిషి ఉంటాడా, మొదటి రోజే వంద బస్కీలు చేయించి మీ ఓపిక పరీక్షించే రకమా. మూడోదానికి అవును అని వస్తే ఇంకో జిమ్ చూసుకోండి. మూడు నెలల ప్యాకేజీ చవకగా కనిపిస్తుంది, ముందు ఒక నెల కట్టి చూడండి.

## ఒక చూపులో

| దారి | కాళ్లు | నెట్టడం | లాగడం | కీళ్ల కదలిక | బరువు పెంచే వీలు | పక్కన చేర్చాల్సింది |
|---|---|---|---|---|---|---|
| కొండ మెట్లు | చాలా బాగా | లేదు | లేదు | తక్కువ | లేదు | బ్యాండ్, దండాలు, మలాసనం |
| సూర్య నమస్కారాలు | కొంత | కొంత | లేదు | చాలా బాగా | లేదు | బ్యాండ్, బస్కీలు, సేతు బంధాసనం |
| బస్కీలు, దండాలు | బాగా | బాగా | లేదు | కొంత | కొంత | బ్యాండ్, వీపు తిప్పడం |
| బ్యాండ్, డంబెల్స్ | బాగా | బాగా | బాగా | తనంతట రాదు | బాగా | చీలమండ, తుంటి కదలికలు |
| జిమ్ | బాగా | బాగా | చాలా బాగా | తనంతట రాదు | చాలా బాగా | నాలుగు నమస్కారాలు ముందుగా |

## మీరెవరు, మీకేది

రోజంతా కుర్చీలో, అంటే ఆఫీసులో అయినా కొట్టులో గల్లాపెట్టె దగ్గరైనా కూర్చునేవాళ్లకి బ్యాండ్, డంబెల్స్ దారి బాగా నప్పుతుంది. మీ తుంటి ముందుభాగం కుంచించుకుపోయి ఉంటుంది, వీపు పైభాగం గట్టిపడి ఉంటుంది, రెండో జత, మూడో జత మీవి. కాళ్లకి వారానికోసారి మెట్లు చేరిస్తే ఇంకేం కావాలి.

హోటల్లోనో, ఆసుపత్రిలోనో, బట్టల షాపులోనో పది గంటలు నిలబడి పనిచేసేవాళ్లకి మెట్లు వద్దంటాను, కనీసం మొదట్లో. సాయంత్రానికే పిక్కలు బరువెక్కి ఉంటాయి, దాని మీద ఇంకో వెయ్యి మెట్లు ఎందుకు. పొద్దున డ్యూటీకి ముందు పడుకుని, కూర్చుని చేసేవే ఎంచుకోండి: సేతు బంధాసనం, వీపు తిప్పడం, బ్యాండ్.

మోకాళ్ల నొప్పులున్న అమ్మలు, అత్తలు వ్యాయామం అనగానే వాకింగ్ ఒక్కటే పెంచుకుంటూ పోతారు. అరుగుదల ఉన్న మోకాలికి చుట్టూ ఉన్న కండరం బలంగా ఉంటే నొప్పి తగ్గుతుంది, నడక ఒక్కదానితో ఆ బలం రాదు. కుర్చీ మీంచి లేవడం, దిండు వేసుకుని కుర్చీ ఎత్తు పెంచుకుని అయినా సరే, సేతు బంధాసనం, వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం, కిటికీ బ్యాండ్. పొయ్యి మీద పప్పు ఉడికే లోపు రెండు వ్యాయామాలు అయిపోతాయి. బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతున్నామని బలవంతంగా మోకాళ్లు నొక్కించుకోవద్దు, అది తుంటి సమస్య కావచ్చు, మోకాలిని నొక్కితే తుంటి తెరుచుకోదు.

అరవై దాటినవాళ్లకి ఒక చిన్న పరీక్ష. చేతులు ఛాతీ మీద కట్టుకుని, గోడకి ఆనించిన కుర్చీ మీంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి, పక్కన ఒక మనిషి ఉండాలి. 60 నుంచి 64 ఏళ్లవాళ్లలో మగవాళ్లు 14 కన్నా, ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే సగటు కన్నా కిందున్నట్టు, పడిపోయే ప్రమాదం ఎక్కువున్నట్టు లెక్క. అలాంటప్పుడు మెట్లూ నమస్కారాలూ పక్కన పెట్టి, రెండు నెలలు కుర్చీ, గోడ, బ్యాండ్ ఈ మూడింటితోనే ఉండండి.

హాస్టల్లో ఉండే కుర్రాళ్లకి సలహా ఇవ్వడం కష్టం, వాళ్లకి కావాల్సింది బైసెప్స్. సరే, దండాలు ఎన్ని తీస్తారో లాగడం కూడా అన్ని తీయండి, ఇంకేం అడగను. లాగితే బైసెప్స్ ఎలాగూ వస్తాయి.

ఇక కొండెక్కే మొక్కున్నవాళ్లు, ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు బస్కీలు, మడమలు ఎత్తడం, సేతు బంధాసనం, వారానికి మూడు రోజులు. మూడో వారం నుంచి అపార్ట్‌మెంట్ మెట్లు చేర్చండి, లిఫ్ట్ ఉంటే మోకాళ్లకి పనికొచ్చేలా పైకి నడిచి కిందకి లిఫ్ట్‌లో రండి. అయిదో వారం నుంచి దిగడం కూడా ప్రాక్టీస్ చేయండి, ఒకే మెట్టు మీద ఒక కాలితో నిలబడి రెండో పాదాన్ని నెమ్మదిగా నేలకి తాకించి మళ్లీ పైకి తేవడం. ఉత్త కాళ్లతో ఎక్కే ఉద్దేశం ఉంటే ఇంట్లో కూడా కొన్ని రోజులు చెప్పుల్లేకుండా నడవడం అలవాటు చేసుకోవాలి, అరికాళ్లు ఒక్కరోజులో గట్టిపడవు. ఆఖరి వారం ఏదీ కొత్తగా మొదలుపెట్టొద్దు.

## మొదటి నెల ఎలా ఉండాలి

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. ఒక్కో వ్యాయామం ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రెండు సెట్లు. ఇంకో రెండు మూడు చేయగలను అనిపించినప్పుడే ఆపేయాలి, ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లయితే అసలే బిగబట్టకూడదు. పన్నెండు రెండు సెట్లూ సాఫీగా వచ్చిన వారం తర్వాత బరువో లోతో కాస్త పెంచండి, రెండూ ఒకేసారి కాదు. పక్కింటాయన ఎంత ఎత్తుతున్నాడో మీకు అనవసరం.

తిండి గురించి ఒక్క ముక్క. సంగటి, పప్పు, చెనక్కాయల ఊరిబిండి ఉన్న పళ్లెంలో వ్యాయామానికి కావాల్సింది చాలావరకు ఉంది, గుడ్డు తినేవాళ్లకి ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ అదనం. డబ్బా పొడి కొనే తొందర మొదటి నెలలో అక్కర్లేదు.

మొదలుపెట్టిన మర్నాడు, ఆ మర్నాడు ఒళ్లునొప్పులు సహజం, 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతాయి. తొడ మొత్తం పట్టేసినట్టు రెండు కాళ్లకీ ఉంటే ఫర్వాలేదు, కీలులో ఒక్క చోట సూదిలా పొడుస్తుంటే, వాపు వస్తే, నడుం నొప్పి కాల్లోకి పాకుతుంటే ఆపి ఫిజియోకి చూపించుకోండి. కండరాలు వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో బిగుతు, ఎడమ చెయ్యి లాగడం, మామూలు కన్నా ఎక్కువ ఆయాసం వస్తే అది మెట్ల మీదైనా జిమ్‌లోనైనా అక్కడికక్కడే కూర్చుండిపోయి సాయం పిలవండి. షుగర్‌కి ఇన్సులిన్ వేసుకునేవాళ్లు జేబులో రెండు చాక్లెట్లో, గ్లూకోజ్ పొట్లమో లేకుండా కొండకి బయల్దేరొద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే ఇందులో ఏదైనా మొదలుపెట్టాలి.

ఆరు వారాలయ్యాక గోడ దగ్గర మోకాలు తగిలించే పరీక్ష, చేతులు పైకెత్తే పరీక్ష మళ్లీ చేసుకోండి. రెండిట్లో ఏది మారలేదో దాని జతకి ఇంకో సెట్ చేర్చండి, మారినదాన్ని ఉన్న సెట్లతోనే కొనసాగించండి.